సైలెన్సర్ తీస్తే బలం వస్తుందా?

సంక్రాంతికి ముందు ఒక ఆదివారం పొద్దున్నే మా మేనల్లుడు ఇంటికి వచ్చాడు. చంకలో పాత పేపర్లో చుట్టిన మూరెడు పొడవు వస్తువేదో ఉంది. మా ఆవిడ చెరుకుగడ అనుకుని సంతోషంగా ఎదురెళ్లింది. పేపరు విప్పితే తళతళలాడే స్టీలు గొట్టం!

‘‘మామా, గిది నా బండికి ఎక్కియ్యాలె. నువ్వు ఎంట వస్తే ఉస్తాద్ కాదనడు’’ అన్నాడు.

‘‘ఏందిరా అది?’’

‘‘ఫ్రీ ఫ్లో సైలెన్సర్. ఆరువేలు పెట్టి తెప్పించిన. బండి జోర్ పెరుగుతది. ఆవాజ్ అయితే మస్తుంటది.’’

‘‘ఇప్పుడున్న ఆవాజ్‌కే మన గల్లీల కుక్కలన్నీ లేస్తున్నయ్ కదరా’’ అంది వాళ్ల అత్త, చెరుకుగడ కాలేదన్న నిరాశతో.

పోయిన దసరాకు కొన్న బండి అది. 350 సీసీ. దూర ప్రయాణాలకు పనికొచ్చే రకం. పండుగ సెలవుల్లో స్నేహితుడితో కలిసి కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా వెళ్లి రావాలని వాడి ప్లాను. ఆ లోపు పైపు మారిపోవాలి.

ఈ పంచాయితీ ఒక్క మా ఇంట్లోదే కాదు. ఈ పేజీ చదివే ఎన్నో ఇళ్లల్లో జరుగుతూనే ఉంటుంది. కొడుకు మార్చాలంటాడు, తండ్రి వద్దంటాడు. ఎందుకు మార్చాలో కొడుక్కి సరిగ్గా తెలియదు, ఎందుకు వద్దో తండ్రికి అంతకన్నా తెలియదు. అరుచుకోవడం మాత్రం ఇద్దరికీ తెలుసు. అందుకే ఈ వారం సైలెన్సర్ ముచ్చట చెప్పుకుందాం.

గొట్టం లోపల ఏముంది?

మా ఉస్తాద్ షెడ్డు కమాన్ దగ్గర ఒక ఇరుకు గల్లీలో ఉంటుంది. నా కుర్రతనం నుంచీ నా బండ్లన్నీ ఆయన చేతిమీదుగా నడిచినవే. మావాడు గొట్టం చూపించగానే ఆయన ఏమీ అనలేదు. లోపలికెళ్లి, నిలువునా కోసిన ఓ పాత సైలెన్సర్ తెచ్చి బల్లమీద పెట్టాడు. కొత్తగా పనిలో చేరే పిల్లలకు చూపించడానికి దాచుకున్నాడట.

‘‘చూడు బేటా. పైనుంచి చూస్తే ఖాళీ గొట్టం అనుకుంటరు. లోపల మూడు అర్రలున్నయ్’’ అన్నాడు.

నిజమే. అడ్డు రేకులతో విడగొట్టిన మూడు గదులు. ఒక గదిలోంచి మరో గదిలోకి సన్నపాటి గొట్టాలు. వాటి నిండా జల్లెడలాగా చిల్లులు. ఇంజన్లోంచి వచ్చే పొగ నేరుగా బయటికి పోదు. ముందుకు వెళ్లి, వెనక్కి తిరిగి, మళ్లీ ముందుకు వచ్చి పోతుంది.

ఎందుకింత తిప్పట? లెక్క చూడండి. ఫోర్ స్ట్రోక్ ఇంజన్ రెండు చుట్లకోసారి పేలుతుంది. నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతోందంటే 1,500 పేలుళ్లు. అంటే సెకనుకు 25! ప్రతి పేలుడు తర్వాత వాల్వు తెరుచుకునేసరికి సిలిండర్లో పొగ ఇంకా గట్టి ఒత్తిడి మీదే ఉంటుంది. అది ఒక్కసారిగా బయటి గాలిని కొడితే టపాకాయే. సైలెన్సర్ గదుల్లో ఆ శబ్ద తరంగాలు గోడలకు తగిలి తిరిగొచ్చి, ఎదురుగా వచ్చే తరంగాలతో ఢీకొని బలహీనపడతాయి. మిగిలిందే మనకు వినపడే ‘డుగ్ డుగ్’.

మావాడి ఫ్రీ ఫ్లో గొట్టానికి ఉస్తాద్ టార్చి వేసి చూపించాడు. ఈ చివర నుంచి ఆ చివరకు సూటిగా కనపడుతోంది. చుట్టూ చిల్లుల రేకు, దాని వెనక కాస్త గాజు దూది. అంతే. ఆ దూది కూడా వేడికి కొన్నాళ్లకు కాలి, గాలికి ఎగిరిపోతుందట. ఆ తర్వాత మిగిలేది ఉత్త గొట్టమే!

తుపాకీకి, బండికి చుట్టరికం

ఇంజన్ పుట్టిన కొత్తలోనే చప్పుడు బాధ కూడా పుట్టింది. అమెరికాలో రీవ్స్ అన్నదమ్ములు 1897లోనే ఇంజన్ చప్పుడు తగ్గించే గొట్టానికి పేటెంట్ తీసుకున్నారు. మర తుపాకీ కనిపెట్టిన హైరం మాక్సిం పేరు వినే ఉంటారు. ఆయన కొడుకు హైరం పెర్సీ మాక్సిం తుపాకీ చప్పుడు తగ్గించే సైలెన్సర్ చేసి 1909లో పేటెంట్ పొందాడు. తర్వాత ఆయన కంపెనీ ఇంజన్లకు కూడా సైలెన్సర్లు చేసింది. తండ్రి చేసిన మోతను కొడుకు తగ్గించాడన్నమాట. మన ఇళ్లల్లో మాత్రం అంతా తిరకాసు!

మన బుల్లెట్‌కూ తుపాకీ వాసన ఉంది. ఇంగ్లాండులోని రెడిచ్ పట్టణంలో పుట్టిన ఎన్‌ఫీల్డ్ కంపెనీ ‘తుపాకీలా తయారైన బండి’ అని చెప్పుకునేది. బుల్లెట్ అన్న పేరు 1932లో వచ్చింది. మన సైన్యం సరిహద్దు గస్తీకి ఈ బండ్లను ఎంచుకోవడంతో 1955లో మద్రాసు మోటార్స్‌తో కలిసి ఇక్కడే తయారీ మొదలైంది. పాత 350 ఇంజన్లో పిస్టన్ వెడల్పు 70 మిల్లీమీటర్లయితే అది పైకీ కిందికీ తిరిగే దూరం 90 మిల్లీమీటర్లు. బరువైన ఫ్లైవీల్. అందుకే నిదానంగా, ఒక్కో పేలుడూ విడివిడిగా వినపడేది. ఆ చప్పుడు సైలెన్సర్ ఇచ్చింది కాదు, ఇంజన్ ఇచ్చింది. సైలెన్సర్ దాన్ని మర్యాదగా మాట్లాడించిందంతే.

చప్పుడు మీద మోజు మనవాళ్లకే ఉందనుకోకండి. అమెరికాలో హార్లే డేవిడ్‌సన్ కంపెనీ తన ఇంజన్ చప్పుడును ట్రేడ్ మార్కుగా నమోదు చేయమని 1994లో దరఖాస్తు పెట్టింది. పోటీ కంపెనీలు అడ్డుపడ్డాయి. ఆరేళ్లు నలిగాక 2000లో తానే వెనక్కి తీసుకుంది. మన దగ్గర 2021లో మంచిర్యాల జిల్లాలో ఒక పెళ్లికూతురు బరాత్‌లో బుల్లెట్ పాటకు వేసిన స్టెప్పులు దేశమంతా చూసింది. కాబట్టి కుర్రాళ్ల మోజును తప్పు పట్టలేం. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. చప్పుడు పెరిగితే బలం పెరుగుతుందా?

బలం సంగతి

‘‘ఖాళీ ఆవాజ్ పెరుగుతది బేటా, జోర్ పెరగదు’’ అన్నాడు ఉస్తాద్. మావాడు ఒప్పుకోలేదు. ‘‘పొగ జల్దీ బయటికి పోతే ఇంజన్‌కు ఊపిరి ఆడతది కద మామా’’ అని నావైపు తిరిగాడు.

వాడి మాటలో సగం నిజం ఉంది. పందేల బండ్లకు సూటి గొట్టాలే పెడతారు. ఎందుకంటే అవి ఎప్పుడూ ఇంజన్ గరిష్ఠ వేగం దగ్గరే తిరుగుతాయి. మనం దూర ప్రయాణంలో తిరిగేది ఇంజన్ మధ్య వేగంలో. అక్కడ లెక్క వేరు. గొట్టంలో పొగ వేగంగా కదిలితే దాని వెనక కాస్త ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీ సిలిండర్లో మిగిలిన పొగను లాగుతుంది. గొట్టం మరీ వెడల్పైతే పొగ నెమ్మదిస్తుంది, ఆ లాగుడు తగ్గుతుంది. అప్పుడు తక్కువ వేగంలో బండి పట్టు సడలుతుంది. ఇద్దరు మనుషులు, వెనక సంచులు, ముందు ఘాట్ రోడ్డు. టూరింగ్ బండికి బలం కావాల్సింది సరిగ్గా అక్కడే!

రెండోది పెట్రోలు పాళ్లు. పొగ సులువుగా పోయి, గాలి ఎక్కువగా వస్తే దానికి తగ్గట్టు పెట్రోలూ పెరగాలి. పాత కార్బురేటర్ బండికైతే మెయిన్ జెట్ మార్చేవాళ్లు. ప్లగ్గు విప్పి రంగు చూసేవాళ్లు. లేత గోధుమ రంగుంటే సరి. తెల్లబడితే పెట్రోలు చాలడం లేదు, ఇంజన్ కాలుతోందని అర్థం. నల్లబడితే పెట్రోలు ఎక్కువవుతోందని. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో ఈ పని కంప్యూటర్ చేస్తుంది. సైలెన్సర్ దారిలో ఒక ఆక్సిజన్ సెన్సర్, విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటాయి. సెన్సర్ చెప్పింది విని కంప్యూటర్ పెట్రోలు సర్దుతుంది. కానీ దాని సర్దుబాటుకు ఒక హద్దు ఉంది. యాక్సిలరేటర్ గట్టిగా తిప్పినప్పుడు అది ముందే రాసిపెట్టిన లెక్కనే నమ్ముకుంటుంది. ఆ లెక్క రాసింది కంపెనీ సైలెన్సర్‌కు, ఆరువేల గొట్టానికి కాదు.

కంప్యూటర్ లెక్క కూడా తిరగరాసి, ఎయిర్ ఫిల్టర్ మార్చి, అన్నీ పొందిగ్గా కుదిరిస్తే కాస్త బలం పెరగదా అంటే, పెరుగుతుంది. దాదాపు 20 హార్స్ పవర్ల ఇంజన్లో ఆ ‘కాస్త’ ఎంతో ఊహించుకోవచ్చు. దానికయ్యే ఖర్చు మాత్రం కాస్త కాదు. గొట్టం ఒక్కటే మార్చి ‘పికప్ పెరిగింది’ అనేవాళ్లలో ఎక్కువమందికి పెరిగింది చెవిలో!

రెండు స్ట్రోకుల బండ్ల సంగతి ఇంకా తమాషా. తూర్పు జర్మనీలో ఎంజెడ్ కంపెనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్ 1950లలో ఒక కిటుకును పదును పెట్టాడు. సైలెన్సర్‌ను మధ్యలో ఉబ్బెత్తుగా, చివర సన్నగా చేస్తే పొగ తరంగం తిరిగొచ్చి, బయటికి జారిపోతున్న తాజా పెట్రోలు ఆవిరిని మళ్లీ సిలిండర్లోకి నెడుతుంది. గొట్టం ఆకారంతోనే బలం! వాళ్ల పందెగాడు ఎర్నెస్ట్ డెగ్నర్ 1961లో దేశం దాటి ఆ రహస్యంతో జపాన్ సుజుకీ కంపెనీలో చేరాడు. మరుసటి ఏడే 50 సీసీ పందేల్లో ప్రపంచ విజేత అయ్యాడు. సైలెన్సర్ అంటే ఇంజన్‌కు తగిలించిన డబ్బా కాదు, ఇంజన్లో భాగమని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

‘‘సరే మామా. మా దోస్తుకు సేమ్ బండే ఉంది. వాడు పోయిన నెలనే గిసొంటి పైపు ఎక్కిచ్చిండు. ఇద్దరం ఆదిలాబాద్ పోతున్నం. నువ్వు గూడ నా ఎంట రా. చూసినంక చెప్పు’’ అన్నాడు మావాడు. పందెం బాగానే ఉంది. గొట్టాన్ని ఉస్తాద్ దగ్గరే ఉంచి, నేను వెనక సీటు ఎక్కడానికి ఒప్పుకున్నాను.

రాయపట్నం వంతెన మీద

ఓ శుక్రవారం చీకటితోనే బయల్దేరాం. చొప్పదండి, ధర్మారం, వెల్గటూర్. మావాడి బండి ముందు, వాడి స్నేహితుడు వెనక. వెనక అని చూడక్కర్లేదు, వినపడుతోంది. మంచు కప్పిన ఊళ్లగుండా పోతుంటే ఇళ్లముందు ముగ్గులేస్తున్న ఆడవాళ్లు మా బండిని పట్టించుకోలేదు. వెనక బండి దగ్గరికి రాగానే చేతిలో ముగ్గు ఆపి తల ఎత్తుతున్నారు.

రాయపట్నం దగ్గర చాయ్ తాగడానికి ఆగాం. కింద గోదావరి. ‘‘అంకుల్, సౌండ్ ఎట్లుంది?’’ అనడిగాడు స్నేహితుడు, మెప్పు కోసం. మంచి పిల్లవాడు. వాడికి నేను మా అమ్మమ్మ కథ చెప్పాను.

1991లో నా దగ్గర యెజ్డీ ఉండేది. రెండు పక్కలా రెండు సైలెన్సర్లు. టూ స్ట్రోక్ కాబట్టి ఆయిలు మసి లోపలి జాలీలకు పట్టేది. అప్పుడప్పుడు జాలీలు పీకి, మంటలో కాల్చి, దులిపి మళ్లీ పెట్టాలి. ఒకసారి పీకాను, పెట్టలేదు. చప్పుడు అదిరిపోయింది. ఎత్తు ఎక్కేటప్పుడు మూడో గేరులో లాగే బండి రెండో గేరు అడగడం మొదలుపెట్టింది. అయినా నాకు బలం పెరిగిందనే అనిపించింది!

ఆ చప్పుడుతోనే ఓ రాత్రి పదకొండు గంటలకు అమ్మమ్మ ఊరికి వెళ్లాను. ఇదే గోదావరి ఒడ్డున చిన్న ఊరు. నేను ఊళ్లోకి తిరిగేసరికి వెలుగుతున్న దీపాలు ఒక్కటొక్కటే ఆరిపోయాయి. తలుపు కొడితే మా ఇంట్లోనూ ఎవరూ పలకలేదు. ‘నేనే అమ్మమ్మా’ అని నాలుగుసార్లు అరిస్తే గడియ తీసింది. లోపల చీకట్లో మామయ్య గాదె వెనక నిలబడి ఉన్నాడు. అమ్మమ్మ చేతులు వణుకుతున్నాయి.

ఆ రోజుల్లో కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఉన్నవాళ్లకు ఇంకా చెప్పక్కర్లేదు. అర్ధరాత్రి బండి చప్పుడు వినపడిందంటే ఎవరో ఒకరు ఎవరి కోసమో వచ్చారని అర్థం. వచ్చింది ఎటువైపు వాళ్లన్నది తర్వాతి సంగతి. ముందు దీపం ఆర్పాలి. అమ్మమ్మ నన్ను తిట్టలేదు. ‘‘బండిని జెర మెల్లగ తేరాదు బిడ్డా’’ అంది, అంతే. తెల్లారి నేను జాలీలు వెతికితే మసి డబ్బాలో దొరికాయి.

నేను ఊరంతా చూడాలని చేసిన చప్పుడు, ఊరు వినాలనుకున్నది కాదు. బండి నాదే, పెట్రోలు నాదే. చప్పుడు మాత్రం నా ఒక్కడిదీ కాదు. అది వినేవాళ్లందరి ఇళ్లల్లోకి అడగకుండా దూరుతుంది. ఇప్పుడు ఆ భయం లేదు, నిజమే. కానీ రాత్రి పూట ఆ గోడల వెనక జ్వరంతో ఉన్న పిల్లలుంటారు, గుండె ఆపరేషనైన పెద్దలుంటారు, పొద్దున పరీక్షకు చదువుకుంటున్న వాళ్లుంటారు. రోడ్డు మీదున్న మనకు కనపడరు.

మావాడి స్నేహితుడు గ్లాసు కింద పెట్టి, ‘‘మా నానమ్మ గూడ గట్లనే అంటది అంకుల్’’ అన్నాడు. ఇంకేమీ మాట్లాడలేదు.

అడవి దాటి, ఘాట్ ఎక్కి

లక్షెట్టిపేట మీదుగా జన్నారం చేరాం. అక్కణ్నుంచి టేకు అడవి. 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన కవ్వాల్ ఇదే. చిరుతలు, అడవి దున్నలు, ఎలుగులు, దుప్పులు తిరిగే చోటు. చెక్‌పోస్టు దగ్గర అటవీ శాఖ ఉద్యోగి మా బండిని చూసి చెయ్యి ఊపాడు. వెనక బండిని ఆపి, ‘‘తమ్మీ, మెల్లగ పో. గీ సప్పుడుకు జంతువులు బెదిరి రోడ్డు మీద పడ్తయ్. నీకే దెబ్బ’’ అన్నాడు. జరిమానా రాస్తే పిల్లవాడికి కోపం వచ్చేదేమో. ఈ మాటకు సిగ్గుపడ్డాడు.

ఉట్నూరు దారిలో గోండు గూడేలు. దీపావళి రోజుల్లో ఇక్కడ దండారి జరుగుతుంది, గుస్సాడీలు ఆడతారు. తుడుం మోగితే గూడెం మొత్తం కదులుతుంది. ఆ మోతకు ఒక పిలుపుంది, ఒక వేళ ఉంది. మా మోతకు ఏ పిలుపూ లేదు. రోడ్డు పక్కన నిలబడ్డ ఓ చిన్నారి మా వెనక బండి రాగానే రెండు చెవులూ మూసుకుంది.

ఆదిలాబాద్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. సుమారు 200 కిలోమీటర్ల ప్రయాణం. అన్నం తింటూ స్నేహితుడు రెండుసార్లు ‘ఆఁ?’ అన్నాడు. చెవుల్లో గుయ్‌మంటోందట. వింత లేదు. అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ చప్పుడును చెవి రోజుకు ఎనిమిది గంటలు ఓర్చుకోగలదు. ప్రతి మూడు డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతూ వస్తుంది. 100 డెసిబెల్స్ దగ్గర పావుగంటే! మనవాడు నాలుగైదు గంటలు దాని మీదే కూర్చున్నాడు. తాను చేసిన చప్పుడు అందరికన్నా ఎక్కువ విన్నది తనే.

మరునాడు తిరుగు ప్రయాణంలో నేరడిగొండ దగ్గర కుంటాల జలపాతానికి వెళ్లాం. బండ్లు ఆపి మెట్లు దిగుతుంటే కడెం వాగు దూకే చప్పుడు మెల్లమెల్లగా పెరుగుతూ వచ్చింది. ‘‘గిది మస్తు సౌండ్ మామా’’ అన్నాడు మావాడు. నేనేమీ అనలేదు.

అసలు పరీక్ష మహబూబ్ ఘాట్ పాత రోడ్డు మీద జరిగింది. ఒకే మోడల్ బండ్లు. మా బండి మీద ఇద్దరం, అతని బండి మీద ఒక్కడే. మలుపుల్లో వేగం తగ్గి మళ్లీ ఎత్తు అందుకునే చోట మావాడు అదే గేరులో లాక్కుపోతుంటే, అతను రెండు చోట్ల గేరు తగ్గించాడు. దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదలగానే అతని గొట్టంలో ‘పట్ పట్’మని టపాకాయలు. కాలకుండా వచ్చిన పెట్రోలు ఆవిరి వేడి గొట్టంలో గాలి తగిలి అంటుకోవడం అది. కుర్రాళ్లు దాన్ని గొప్ప అనుకుంటారు. ఉస్తాద్‌లు దాన్ని జబ్బు లక్షణం అంటారు. నిర్మల్‌లో పెట్రోలు పోయిస్తే మాకన్నా అతనికి లీటరు ఎక్కువ పట్టింది. అందులో గొట్టం వాటా ఎంతో, చప్పుడు వినడం కోసం ఊరికే తిప్పే చేతి వాటా ఎంతో చెప్పలేను. రెండూ కలిసే ఉంటాయి.

చట్టం ఏమంటుంది?

మన దేశంలో 175 సీసీ దాటిన మోటార్ సైకిళ్లు కంపెనీలో తయారైనప్పుడే 80 డెసిబెల్స్ మించి చప్పుడు చేయకూడదు. ఏడున్నర మీటర్ల దూరంలో కొలుస్తారు. 80కి, 100కి పెద్ద తేడా లేదనుకోకండి. డెసిబెల్స్‌లో ప్రతి పదికీ శబ్దశక్తి పది రెట్లు. అంటే ఇరవై పెరిగితే వంద రెట్లు! చెవికి నాలుగు రెట్లు ఎక్కువగా అనిపిస్తుంది. శబ్ద కాలుష్య నియమాలు 2000 ప్రకారం ఇళ్లున్న చోట పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెల్స్ హద్దు. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం.

కంపెనీ ఇచ్చిన బండిలో ఇష్టమొచ్చిన మార్పులు చేయకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 సవరణ తర్వాత శబ్దం, పొగ ప్రమాణాలు మీరితే 190వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. లైసెన్సు మూడు నెలలు పోతుంది. అనుమతి లేని మార్పులు చేసిన యజమానికి మరో సెక్షన్ కింద మార్పుకు అయిదువేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు రాసి ఉన్నాయి. 2022లో విశాఖపట్నంలో పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను వరసగా రోడ్డు మీద పరిచి రోలరు ఎక్కించారు. ఆరేసి వేల గొట్టాలు అప్పడాలైపోయాయి!

వారంటీ, బీమా సంగతి కూడా గుర్తుంచుకోండి. ఇంజన్ వాల్వు కాలిపోయి షోరూముకు వెళ్తే వాళ్లు ముందు చూసేది ఆ గొట్టం వైపే.

మరి పిల్లల ముచ్చట తీరేదెలా?

‘వద్దు’ అని ఊరుకుంటే పిల్లలు వినరు. ఆ ఆరువేలు పెట్టి నిజంగా బండి పరుగు మెరుగుపరిచే దారులు చెప్పాలి. ఉస్తాద్ నాకు చెప్పినవే ఇక్కడ చెబుతున్నాను.

ముందు ఎయిర్ ఫిల్టర్ చూడండి. మన గ్రానైట్ లారీల దారుల్లో దుమ్ముకు అది తొందరగా మూసుకుపోతుంది. ఇంజన్‌కు ఊపిరి ఆడనిది అక్కడే. చైను వదులు, టైర్లలో గాలి, బ్రేకులు పట్టేసి ఉండటం, ఈ మూడూ సరిచేస్తే బండి తేలికపడినట్టు తెలుస్తుంది. ట్యాపెట్లు సర్దాల్సిన బండైతే సర్దించండి. ప్లగ్గు మార్చండి. ఇంజన్‌కూ బెండ్ పైపుకూ మధ్య ఉండే గాస్కెట్ లీకైతే కూడా చప్పుడు పెరిగి, పరుగు తగ్గుతుంది. చాలామంది దాన్నే సైలెన్సర్ పాడైందనుకుంటారు. చప్పుడు గంభీరంగా ఉండాలన్న కోరిక మరీ బలంగా ఉంటే, మీ మోడల్‌కే తయారై, నిబంధనల ప్రకారం పరీక్షించి ఆమోదించిన సైలెన్సర్‌నే, లోపలి జాలీ తీయకుండా పెట్టించుకోండి. బిల్లూ, కాగితాలూ దగ్గరుంచుకోండి. మిగిలిన డబ్బుతో మంచి హెల్మెట్ వస్తుంది.

గల్లీ మొదట్లో

ఆర్మూర్, మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల మీదుగా కరీంనగర్ చేరేసరికి రాత్రి పదకొండు దాటింది. మావాడు నన్ను దింపడానికి మా గల్లీ వైపు తిప్పాడు. స్నేహితుడి ఇల్లు కూడా అదే గల్లీలో, చివరన. వీధి దీపాల వెలుగులో గల్లీ మొత్తం నిద్రపోతోంది. ఇంటిముందు దిగి వెనక్కి చూస్తే వెనక బండి చప్పుడు లేదు. ఎక్కడైనా ఆగిపోయిందేమోనని కంగారుపడి గల్లీ మొదటికి నడిచాను.

ఆగిపోలేదు. ఆపేశాడు. హెల్మెట్ ట్యాంకు మీద పెట్టుకుని, రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకుని, దాదాపు రెండు క్వింటాళ్ల బండిని చెమటలు కక్కుతూ తోసుకొస్తున్నాడు.

‘‘ఏంది బిడ్డా, పెట్రోలు అయిపోయిందా?’’ అన్నాను.

‘‘లేదంకుల్, ఉంది’’ అన్నాడు గొంతు తగ్గించి. ‘‘నానమ్మ పండుకుంది.’’

మావాడు కూడా దిగి వెనక నుంచి ఒక చెయ్యి వేశాడు. నేను రెండో చెయ్యి వేశాను. ముగ్గురం కలిసి బండిని గల్లీ చివరి దాకా తోశాం. ఒక్క కుక్క కూడా లేవలేదు.

సోమవారం ఇద్దరూ ఉస్తాద్ షెడ్డుకు వెళ్లారు. స్నేహితుడి బండికి కంపెనీ సైలెన్సర్ మళ్లీ ఎక్కింది. ఇప్పుడు అక్కడ మేకుకు రెండు మెరిసే గొట్టాలు వేలాడుతున్నాయి. ఎవరైనా కుర్రాడు ఫ్రీ ఫ్లో కావాలని వస్తే ఉస్తాద్ కాదనడు. ‘‘ముందుగాల ఒక్క రాత్రి నీ బండి తోల్కొని మీ ఇంటికి పో బేటా. ఇంట్ల ఎవరు నిద్ర లేచిండ్రో చూసి పొద్దుగాల రా’’ అంటాడు.

ఇంతవరకూ తిరిగొచ్చి అడిగినవాళ్లు తక్కువేనట.